జాగ్రత్త: పెర్ లాషేజ్ శ్మశానవాటికకు ‘క్యూ లేని ప్రవేశం’ టికెట్లు కొనకండి

పారిస్‌లోని పెర్ లాషేజ్ శ్మశానవాటికను చూడాలనుకుంటున్న వారు, “క్యూలో నిలబడనక్కర లేని ప్రాధాన్య ప్రవేశం” అన్న పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న టికెట్ల జోలికి పోవద్దని మనవి. అక్కడికి ప్రవేశం అందరికీ ఉచితం. 1804లో తెరిచిన ఆ శ్మశానవాటిక ఈనాటికీ నగర పాలక సంస్థ నిర్వహణలోనే ఉంది. గేటు దగ్గర టికెట్ కౌంటర్ లేదు, టికెట్టే లేదు కనుక దాటవలసిన క్యూ కూడా లేదు. ఆ లేని సౌకర్యాన్ని గైడ్ రుసుముతో కలిపి ఒకే మొత్తంగా చూపిస్తున్నందువల్ల, దేనికి ఎంత చెల్లిస్తున్నామో కొనేవారికి తెలిసే మార్గం లేకుండా పోతోంది.

నేను కొన్న ప్యాకేజీలో ప్రాధాన్య ప్రవేశంతో పాటు చిన్న బృందం, చరిత్ర బాగా తెలిసిన గైడ్ అన్న హామీలు కూడా ఉన్నాయి. గేటు దగ్గర గైడ్ మా వోచర్ల మీది క్యూఆర్ కోడ్‌లను తన ఫోన్‌తోనే స్కాన్ చేసి, ఇక లోపలికి వెళ్దామన్నారు. సరిగ్గా అప్పుడే ఒక వృద్ధురాలు ఒక చేతిలో పూలకుండీ, మరో చేతిలో నీళ్ల డబ్బా పట్టుకుని మా పక్కనుంచి నడిచి వెళ్లారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడున్న ఉద్యోగి మమ్మల్నీ ఏమీ అడగలేదు, మా వోచర్ల వైపు కనీసం చూడలేదు. మేము డబ్బు పెట్టి కొన్న ప్రాధాన్యం ఆమెకు లేనిదేమీ కాదని అక్కడే తేలిపోయింది.

చిన్న బృందం అన్న మాట కూడా నిలబడలేదు. వేర్వేరు వెబ్‌సైట్లలో వేర్వేరు పేర్లతో బుక్ చేసుకున్న వారందరినీ ఒకే గైడ్‌కు అప్పగించారు. రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు బాటల్లో, సమాధుల మధ్య ఇరుకు సందుల్లో వెనుక నడిచేవారికి గైడ్ మాటలు చెవిన పడే అవకాశమే లేదు. దాదాపు 44 హెక్టార్లలో, 97 విభాగాలుగా విస్తరించిన స్థలం అది. అంత పెద్ద బృందాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి నడిపించడానికే సగం సమయం పోయింది. నాటకకర్త మోలియేర్, సంగీతకారుడు షోపాన్, రచయిత ఆస్కార్ వైల్డ్, రాక్ గాయకుడు జిమ్ మారిసన్ సమాధులతో పాటు కమ్యూనార్డుల గోడ కూడా చూపిస్తామని బుకింగ్ పేజీలో స్పష్టంగా రాశారు. 1871లో పారిస్ నగరాన్ని కొద్దికాలం పాలించిన తిరుగుబాటు ప్రభుత్వమైన పారిస్ కమ్యూన్ పోరాట యోధులను 147 మందిని నిలబెట్టి కాల్చి చంపిన గోడ అది. నేను ముఖ్యంగా దాని కోసమే వెళ్లాను. అది శ్మశానవాటికకు దూరపు మూలన ఉన్నదనీ, సమయం అయిపోయిందనీ చెప్పి గైడ్ మమ్మల్ని గేటు వైపు మళ్లించారు.

చెప్పిన చరిత్రలోనూ తప్పులు దొర్లాయి. షోపాన్ సమాధి దగ్గర, ఆయన దేహమంతా ఇక్కడే ఉందని గైడ్ చెప్పారు. నిజానికి ఆయన గుండెను సోదరి పోలండ్‌కు తీసుకువెళ్లారు. అది వార్సాలోని హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. పరాయి దేశంలో కన్నుమూసిన సంగీతకారుడి కథలో మనసును తాకే అసలు ఘట్టమే అది. డబ్బు తీసుకుని చెప్పే మనిషికి అది తెలియకపోవడం చిన్న లోపం కాదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించిన సంగతి మరొకటి ఉంది. పెర్ లాషేజ్ పాతకాలపు స్మారకం మాత్రమే కాదు. అక్కడ ఇప్పటికీ ఖననాలు జరుగుతున్నాయి, 1889 నుంచి దహనవాటిక కూడా పనిచేస్తోంది. మేము నడుస్తున్న బాటలోకే నల్ల దుస్తులు ధరించిన ఒక కుటుంబం పూలగుచ్ఛాలతో వచ్చింది. గైడ్ మెడలోని స్పీకర్ ఆపలేదు, బృందాన్ని పక్కకు జరపలేదు, చెబుతున్న దెయ్యం కథను మధ్యలో వదలలేదు. మాలో కొందరు తమంతట తామే తప్పుకుని దారి ఇవ్వవలసి వచ్చింది. ఆ తరువాత ఫోటో కోసం ఒక సమాధి అంచు మీద ఎక్కి నిలబడిన వారిని కూడా గైడ్ వారించలేదు. ఇటువంటి యాత్రలకు మనం చెల్లించే డబ్బే ఆ ప్రవర్తనను పోషిస్తోందన్నది నా అభిప్రాయం. పోయిన డబ్బు కంటే ఇది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ఆ బుకింగ్ పేజీని మళ్లీ తెరిచి చూస్తే, అమ్మేవారు ఆ స్థలాన్ని పట్టించుకోవడం లేదనడానికి ఆధారం అందులోనే కనిపిస్తుంది. ఆస్కార్ వైల్డ్ సమాధి ఫోటోలో రాతి మీద అభిమానులు ముద్దులు పెట్టిన లిప్‌స్టిక్ ముద్రలు నిండి ఉన్నాయి, చుట్టూ అడ్డు ఏదీ లేదు. ఆ లిప్‌స్టిక్‌లోని జిడ్డు రాతిలోకి ఇంకిపోయి, పదే పదే శుభ్రం చేయడం వల్ల శిల్పం దెబ్బతింటున్నందున 2011లో దాని చుట్టూ అద్దపు అడ్డు కట్టారు. అంటే ఆ ఫోటో 2011కు ముందుది. ఇప్పుడు అక్కడ కనిపించని దృశ్యాన్ని చూపించి ఈనాటి యాత్రను అమ్ముతున్నారు. ఏ శ్మశానవాటిక యాత్ర కొనబోతున్నా ముందుగా అమ్మకపు పేజీలోని ఫోటోలను ఇటీవలి సందర్శకులు తీసిన ఫోటోలతో పోల్చి చూడండి.

శ్మశానవాటికలకు టికెట్ అమ్మే ప్రతివారూ మోసగాళ్లని నేను అనడం లేదు. లండన్‌లోని హైగేట్ శ్మశానవాటికలోకి వెళ్లడానికి నిజంగానే టికెట్ కావాలి. ఆ సొమ్ము దాని నిర్వహణకే పోతుంది. అయితే కార్ల్ మార్క్స్ సమాధి ఉన్న తూర్పు భాగానికి మాత్రమే ఇచ్చే టికెట్‌తో పశ్చిమ భాగాన్ని చూడడం కుదరదు. కాబట్టి ఇతరుల దగ్గర కొంటే అది ఏ భాగానికి వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ప్రాగ్‌లోని పాత యూదు శ్మశానవాటిక అక్కడి యూదు మ్యూజియం టికెట్‌లో భాగం. శనివారాల్లోనూ యూదుల పండుగ రోజుల్లోనూ అది మూసి ఉంటుంది. ఏదైనా పేజీ శనివారానికి లోపలి ప్రవేశం అమ్ముతుంటే అక్కడ కొనవద్దు. అమెరికా నగరం న్యూ ఓర్లీన్స్‌లోని సెయింట్ లూయిస్ 1వ నంబర్ శ్మశానవాటిక పరిస్థితి మరీ భిన్నం. 2013 చివర్లో, వూడూ అనే మత సంప్రదాయపు ప్రసిద్ధ పూజారిణి మేరీ లావోదిగా చెప్పే సమాధికి ఎవరో గులాబీ రంగు పూశారు. అటువంటి నష్టాలు ఆగాలని 2015 మార్చి నుంచి, అనుమతి ఉన్న గైడ్ వెంట లేనిదే యాత్రికులను లోపలికి రానివ్వడం లేదు. అక్కడ గైడ్‌కు చెల్లించడం తప్పనిసరే. అయితే గేటు బయట నిలబడి చూసి వచ్చే నడకను కూడా శ్మశానవాటిక యాత్ర అని పిలవవచ్చు కనుక, టికెట్‌లో లోపలి ప్రవేశం ఉన్నట్లు స్పష్టమైన వాక్యం కనిపిస్తేనే కొనండి.

ఇంత తేడా ఉన్నందువల్లనే డబ్బు కట్టే ముందు ఆ శ్మశానవాటికను నిర్వహించే సంస్థ సొంత వెబ్‌సైట్‌ను తెరిచి చూడాలి. వెతికినప్పుడు పైన వచ్చేవి తరచుగా ప్రకటనలే. వాటిని దాటి కిందికి వెళితే నగర పాలక సంస్థ, ట్రస్టు, మ్యూజియం లేదా మత సంస్థ వంటి అసలు నిర్వాహకుల పేజీ దొరుకుతుంది. ప్రవేశం ఉచితమా కాదా, ఏ రోజుల్లో మూసి ఉంటుంది, గైడ్ తప్పనిసరా అన్నవి అక్కడే తెలుస్తాయి. పెర్ లాషేజ్ విషయంలో విభాగాల సంఖ్యలున్న పటాన్ని పారిస్ నగర పాలక సంస్థే ఉచితంగా ఇస్తోంది. చూడదలచిన సమాధుల విభాగ సంఖ్యలను ముందుగా రాసుకుని వెళ్లిన వారికి గైడ్ లేకపోయినా ఇబ్బంది ఉండదు.

గైడ్ కావాలనుకునే వారు బుక్ చేయక ముందే విక్రేతకు సందేశం పంపి, బృందంలో గరిష్ఠంగా ఎంతమంది ఉంటారు, వేరే వెబ్‌సైట్ల వారిని ఇందులో కలుపుతారా, పేజీలో పేర్కొన్న సమాధులన్నీ తప్పక చూపిస్తారా అని అడగండి. జవాబు దాటవేస్తే అక్కడితో ఆపేయండి. మంచి గైడ్లు ఇలాంటి ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు.

ఇప్పటికే కొని నష్టపోయిన వారు అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్లను వెంటనే తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన తరువాత ఆ పేజీలో “చిన్న బృందం” అన్న మాట మాయమైంది, కమ్యూనార్డుల గోడ పేరు ముందు “వీలైతే” అన్న మాట వచ్చి చేరింది. సేవ పూర్తిగా అందించామని చెప్పి విక్రేత రిఫండ్ నిరాకరించారు. ముందే తీసి ఉంచిన స్క్రీన్‌షాట్లు, వోచర్, ప్రవేశం ఉచితమని చెప్పే నగర పాలక సంస్థ పేజీ ప్రతి జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకుకు అభ్యంతరం పంపాను. బ్యాంకు దానిని విచారణకు స్వీకరించింది. అభ్యంతరం తెలపడానికి ప్రతి బ్యాంకుకూ ఒక గడువు ఉంటుంది కాబట్టి, విక్రేతతో ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతున్నాయని ఆ గడువును దాటిపోనివ్వకండి.