ఆడాసిటీనా, రీపరా? ఇంట్లో పాట రికార్డు చేసేవాళ్లకు ఏది మేలు?

అమ్మ పాడే మంగళహారతులను రికార్డు చేసి దాచుకోవాలని మూడేళ్ల కిందట మొదలుపెట్టాను. మొదటి పాట ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినబడుతోందని నాయిస్ రిడక్షన్ కాస్త గట్టిగా వేసి, సేవ్ చేసి, ల్యాప్‌టాప్ మూసేశాను. మర్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఫ్యాన్ చప్పుడుతో పాటు అమ్మ గొంతులోని జీర కూడా పోయింది. ఆడాసిటీలో ప్రాజెక్ట్ మూసేస్తే అన్‌డూ చరిత్ర, అంటే చేసినవి వెనక్కి తీసుకునే వీలు, పోతుంది. ముందు రోజు రికార్డింగ్‌కి వేరే కాపీ లేదు. "మళ్ళీ పాడమంటావేంట్రా?" అంటూనే అమ్మ మళ్లీ పాడింది. కానీ చివరి చరణంలో మొదటిసారి పలికిన ఆ సంగతి, ఆ రాగపు మలుపు, మళ్లీ రాలేదు.

అప్పటినుంచి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఒకటే. చేసిన పని నచ్చకపోతే నిన్నటి స్థితికి వెళ్లడం ఎంత తేలిక? ఎఫెక్టులు ఎన్ని ఉన్నాయి, స్క్రీన్ ఎంత అందంగా ఉంది అన్నవి తర్వాతి మాట.

ఆడాసిటీ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. 2000లో బయటికి వచ్చింది. తెరిచిన అయిదు నిమిషాల్లో రికార్డు చేయడం వస్తుంది. ఒక గొంతు, వెనక శ్రుతిపెట్టె, అంతవరకే అయితే దీనికన్నా సులువైనది నాకు తెలియదు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటిది) వంటి కొన్ని ఎఫెక్టులను అసలు ధ్వనిని మార్చకుండానే పెట్టుకోవచ్చు. నాయిస్ రిడక్షన్ మాత్రం ధ్వనినే మార్చేస్తుంది. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

దీని ప్రాజెక్ట్ ఫైల్ సంగతి కూడా తెలుసుకోవాలి. 2021లో వచ్చిన 3.0 నుంచి మొత్తం ప్రాజెక్ట్ ఒకే ఏయూపీ3 ఫైల్‌లో ఉంటుంది. నిజానికి అదొక డేటాబేస్. అంతకుముందు ఒక చిన్న ఫైలు, పక్కన వందల ముక్కలున్న ఫోల్డరు ఉండేవి. ఫోల్డరు ఎక్కడో మర్చిపోయి ఫైలు ఒక్కటే పంపి తంటాలు పడ్డవాళ్లు ఎందరో. ఆ బాధ తీరింది కానీ ఇంకోటి వచ్చింది. ఆరు నిమిషాల పాటకి గొంతు, హార్మోనియం, డోలక్, తాళాలు, శ్రుతి అని అయిదు మోనో (ఒకే చానెల్) ట్రాకులు ఉన్నాయనుకోండి. ఆడాసిటీ అలవాటుగా వాడే 32 బిట్ ఫ్లోట్ నాణ్యతలో, సెకనుకు 48 వేల నమూనాల (48 కిలోహెర్ట్జ్) చొప్పున లెక్కేస్తే సుమారు 350 ఎంబీ అవుతుంది. ఫైల్ మెనూలో బ్యాకప్ ప్రాజెక్ట్ అని ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ ప్రతి బ్యాకప్‌కీ మళ్లీ 350 ఎంబీ. పది వెర్షన్లు దాస్తే మూడున్నర జీబీ.

రీపర్ దారి వేరు. దీన్ని కాకోస్ అనే చిన్న కంపెనీ చేస్తుంది. ఒకప్పుడు మనందరి కంప్యూటర్లలో ఉన్న విన్‌యాంప్‌ను తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్‌దే ఇది కూడా. 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. తర్వాత ఇంట్లో సొంతానికి వాడుకునేవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో అయిదు వేలు దాటుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మొదటి వారం మాత్రం మెనూలు చూసి తల తిరుగుతుంది. ఓపిక పట్టాలి.

ఆ ఓపికకు ఫలితం ఉంది. రీపర్‌లో రికార్డు చేసిన ప్రతి టేకూ, అంటే పాడిన ప్రతిసారీ, విడిగా వేవ్ అనే ధ్వని ఫైలుగా డిస్క్ మీద ఉంటుంది. కోసినా, అతికించినా, ఎఫెక్టు పెట్టినా మామూలుగా ఆ ఫైలును ముట్టుకోదు. ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, వాల్యూమ్ ఎంత అన్న వివరాలే ఆర్‌పీపీ అనే ప్రాజెక్ట్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ ఫైలు ఉత్త టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్రాకు పేర్లు, వాల్యూమ్ అంకెలు చదవొచ్చు. చాలాసార్లు కొన్ని వందల కేబీలకు మించదు. కాబట్టి యాభై వెర్షన్లు దాచినా భారం కాదు. ఫైల్ మెనూలోని సేవ్ న్యూ వెర్షన్ వాడితే పేరు చివర అంకె అదే పెంచుతుంది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని పేర్లు వెతుక్కోనక్కర్లేదు.

ప్రోగ్రామింగ్ తెలిసిన స్నేహితులు వెంటనే గిట్ వాడమంటారు. ఫైళ్లలో ఎప్పుడేం మారిందో గుర్తుపెట్టుకునే సాధనం అది. టెక్స్ట్ ఫైలు కాబట్టి రీపర్‌కి గిట్ చక్కగా కుదురుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏ ట్రాకు వాల్యూమ్ మారిందో వరుసతో సహా కనబడుతుంది. వేవ్ ఫైళ్లను మాత్రం మామూలు గిట్‌లోకి తోయొద్దు. గిట్ ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును ఒప్పుకోదు, చరిత్ర కూడా బరువెక్కిపోతుంది. ఆఫీసులో రోజూ గిట్ వాడేవాళ్లకు ఇది హాయి. అలవాటు లేనివాళ్లు పాట కోసం ప్రత్యేకంగా నేర్చుకోనక్కర్లేదని నా అభిప్రాయం. అంకెల వెర్షన్లు, రోజూ రాసుకునే ఒక చిన్న నోట్సు చాలు: "4: డోలక్ తగ్గించాను, రెండో చరణం మూడో టేకు."

గూగుల్ డ్రైవ్ కూడా పాత వెర్షన్లు దాస్తుంది కదా అంటారు. అలాంటి ఫైళ్ల పాత వెర్షన్లను అది మామూలుగా 30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకే ఉంచుతుంది. ఆరు నెలల తర్వాత పాట మళ్లీ తెరిచేవాళ్లకు అది చాలదు. పైగా ఆడాసిటీ ప్రాజెక్ట్ తెరిచి ఉండగా ఆ ఫోల్డరు సింక్ అవుతుంటే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. పని అయ్యాక, మూసేసి, కాపీ పెట్టండి.

రీపర్‌లోనూ ఒకచోట జాగ్రత్త కావాలి. క్లీన్ కరెంట్ ప్రాజెక్ట్ డైరెక్టరీ అని ఒక ఆప్షన్ ఉంది. ఇప్పుడు తెరిచిన ప్రాజెక్ట్‌లో వాడని ఫైళ్లను చూపించి తీసేయమంటారా అని అడుగుతుంది. మీరు వదిలేశామనుకున్న టేకు రెండో వెర్షన్‌కి ప్రాణం కావొచ్చు. నేను దాని జోలికి వెళ్లను.

లినక్స్‌లో ఉన్నవాళ్లు ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను కూడా చూడొచ్చు. అందులో స్నాప్‌షాట్ అన్న సౌకర్యం పాత స్థితిని దాచుకునే ఈ పనికోసమే ఉంది. మ్యాక్ ఉన్నవాళ్లకు గరాజ్‌బ్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, మొదలుపెట్టడానికి బాగుంటుంది.

నా మటుకు నేను ఒకటి కన్నా ఎక్కువ ట్రాకులుంటే రీపర్ అంటాను. ఒక్క గొంతైతే ఆడాసిటీ చాలు, కానీ రికార్డు ఆపగానే, ఏ ఎఫెక్టూ వేయకముందే, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి "అసలు" అన్న ఫోల్డరులో వేయండి. ఆ ఫోల్డరు ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో ఉండాలి. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ సున్నా సెకను నుంచి చివరి దాకా ఎఫెక్టులతో విడివిడి వేవ్ ఫైళ్లుగా కూడా తీయండి. ఇవాళ వాడిన ప్లగిన్ (విడిగా చేర్చుకునే ఎఫెక్టు) పదేళ్ల తర్వాత దొరక్కపోవచ్చు, వేవ్ ఫైలు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఇప్పటికి అమ్మ పాటలు పదకొండు అయ్యాయి. ఆ మొదటి పాట తప్ప మిగతా పదింటిలోనూ మొదటి టేకు, ఫ్యాన్ చప్పుడుతో సహా, అలాగే ఉంది.