నికోటిన్ గమ్ 2 ఎంజీ: సిగరెట్ మానేస్తే లావైపోతామని భయపడేవాళ్ళ కోసం ఈ రివ్యూ

సిగరెట్ మానడానికి నమిలే గమ్ ఇది, మా చెల్లి కోసం కొన్నాం. తనకి 19, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, అక్కడ ఎవరో సిగరెట్ తాగితే ఆకలెయ్యదు సన్నబడతావ్ అన్నారంట, అంతే, పొద్దున టిఫిన్ మానేసి టీ సిగరెట్. స్టైల్ కోసమేం కాదండీ, ఏ పెళ్ళికెళ్ళినా "ఏంటే ఇంత బొద్దుగా తయారయ్యావ్" అని పిన్నులూ పెద్దమ్మలూ అంటారు చూడండి, దాని కోసం.

గమ్ సంగతికొస్తే పైన మింట్ అని ఉంటుంది కానీ నమిలితే మిరియం కొరికినట్టు ఘాటు. మామూలు బబుల్‌గమ్‌లా నమిలేస్తే వెక్కిళ్ళు, కడుపులో తిప్పుడు. నోరు చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి చెంపకీ చిగురుకీ మధ్యలో పెట్టి ఆపాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి, అలా అరగంట. కాఫీ, కూల్‌డ్రింక్ తాగాక 15 నిమిషాల దాకా వేసుకోకూడదు, నికోటిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. మెడికల్ షాపతను ఇదేమీ చెప్పలేదు, స్ట్రిప్ చేతిలో పెట్టి పక్కవాళ్ళకి బిల్లు కొట్టుకున్నాడు. 18 లోపు పిల్లలకైతే డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

సిగరెట్ మీదకి మనసు పోవడం బానే తగ్గింది. కానీ చెల్లి అసలు భయం వెయిట్ కదా, దాని గురించి లోపలి కాగితంలో ఒక్క ముక్క లేదు! నికోటిన్ ఆకలి చంపుతుందన్నది నిజమే, మానేసినవాళ్ళు ఏడాదిలో సగటున 4-5 కేజీలు పెరుగుతారు, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. గమ్ వాడినన్నాళ్ళు ఆ పెరగడం కాస్త లేటవుతుంది, ఆగిపోదు. ఇది చెప్తే "ఓస్ అంతేనా, నేను 15 కేజీలనుకున్నానే అక్కా" అంది. పైగా బాగా తాగేవాళ్ళకి పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ చేరుతుందంట, ఇక సన్నబడి ఏం లాభం?

ఈ స్లిమ్ పిచ్చి కంపెనీలకి కొత్తేం కాదు, అమెరికాలో 1928లోనే లక్కీ స్ట్రైక్ వాళ్ళు స్వీట్ బదులు మా సిగరెట్ అందుకోండి అని ఆడవాళ్ళని చూసి యాడ్స్ వేశారు. పిన్నులకి ఆ యాడ్ తెలీదనుకోండి, అయినా పని మాత్రం అదే చేస్తున్నారు.

5కి 3.5 ఇస్తా. గమ్ ఒక్కటే సరిపోదు, సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని క్విట్‌లైన్ (మానడానికి ఫోన్లో సాయం చేసేవాళ్ళ) నంబర్ ఉంటుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, చేసినప్పుడు వెయిట్ సంగతి మొహమాటపడకుండా అడిగేయండి.