చేతిలో లక్షన్నర: ముందు అప్పు తీర్చాలా, మేడ మీద సోలారు పెట్టాలా?

ఫిబ్రవరిలో చీటీ పాడుకుంటే లక్షన్నర చేతికి వచ్చింది. అనంతపురంలో మా మేడ మీద సోలారు పలకలు పెట్టించాలని మావారు రెండేళ్లుగా అంటున్నారు. కల్యాణదుర్గం వైపు మా పుట్టింటి నాలుగెకరాల్లో మందులు లేకుండా పంట తీయాలని తమ్ముడికి అంతకంటే పాత కోరిక. ఈ రెండింటికీ అడ్డంగా ఒక ప్రామిసరీ నోటు ఉంది. నాన్న ఆపరేషనుకు మావారు సంతకం చేసి తెచ్చిన లక్షా పదివేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అది కాక ఎరువుల దుకాణంలో తమ్ముడి అరువు ఖాతా నలభై వేలకు చేరింది. బ్యాంకులో నా గాజుల మీద అరవై వేల అప్పు ఉంది, ఏడాదికి తొమ్మిది శాతం వడ్డీకి.

సోలారు మాట ముందు చూద్దాం. ఎందుకంటే దాన్ని తేలిగ్గా తోసేయడానికి లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మాకు ఇచ్చిన అంచనా 1,95,000. సబ్సిడీ పోను 1,17,000 మన జేబులోంచి పడుతుంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకున్నా నెలకు 360 యూనిట్లు. మేం వాడేది కూడా అంతే, కాబట్టి కరెంటు బిల్లులో నెలకు దాదాపు రెండు వేలు మిగులుతుంది, ఏడాదికి 24,000. అంటే పెట్టిన డబ్బు మీద ఇరవై శాతం రాబడి, అదీ పాతికేళ్లు పనిచేసే వస్తువు మీద. పక్క జిల్లాలో ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు నడుస్తోంది, ఎండకు కొదవలేని సీమలో మన మేడ ఎందుకు ఖాళీగా ఉండాలి అంటారు మావారు. న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు నోటు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. లక్షా పదివేలకు నెలకు 2,200, ఏడాదికి 26,400. ఇరవై ఎక్కడ, ఇరవై నాలుగు ఎక్కడ, అంత తేడా ఏముంది అనిపించవచ్చు. కాగితం మీద నిజంగానే పెద్ద తేడా లేదు. కానీ ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దాని మీద కోర్టులో దావా నిలవదు. అందుకని మూడేళ్లు నిండేలోపే అప్పిచ్చినవారు మన ఇంటికి వస్తారు. లెక్క కడతారు, రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పడేలా కొత్త నోటు రాయించుకుంటారు. కట్టలేకపోయిన వడ్డీ ఆ రోజు అసలులో కలిసిపోతుంది. మాకు ఒకసారి అలా జరిగింది. తొంభై వేలు లక్షా పదివేలైంది ఆ సాయంత్రమే. మావారు సంతకం పెడుతుంటే స్టాంపు తడికి సిరా కాస్త పాకింది. ఆ మరక నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

నా నిర్ణయాన్ని తేల్చింది మాత్రం ఇంకొక సంగతి. సోలారుకు ప్రభుత్వ బ్యాంకులు ఆరేడు శాతానికి, తాకట్టు లేకుండా అప్పిస్తున్నాయి. చేతి అప్పు తీర్చడానికి ఏ బ్యాంకు ఏడు శాతానికి ఇస్తుంది? కాబట్టి చేతిలో ఉన్న రొక్కం నోటుకు పోవాలి, సోలారు బ్యాంకు డబ్బుతో రావాలి. 1,17,000 పదేళ్లకు తీసుకుంటే నెలవారీ వాయిదా 1,360 దాకా. మిగిలే కరెంటు బిల్లు కంటే అది తక్కువే. ఇదే తిరగేసి చేస్తే, రొక్కంతో పలకలు కొని నోటును అలాగే ఉంచితే, మేడ మీద ఎంత ఎండ కాసినా నెల నెలా 2,200 బయటికి పోతూనే ఉంటుంది.

తమ్ముడి ఖాతా సంగతి లెక్కకు మించినది. అరువుకిచ్చే దుకాణంలో ధర ఎక్కువే. దానికంటే బరువైనది, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో దుకాణం మనిషే చెప్పడం. పంట నూర్చగానే వేరుశనగ కాయ ఆయన చెప్పిన వ్యాపారికే తోలాలి. తమ్ముడు నాతో అన్నాడు: “అక్కా, జీవామృతానికి ఖర్చెంతని? ఎకరాకు రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. ఖర్చు గురించి కాదు నా భయం. మొదటి ఏడు దిగుబడి తగ్గితే దుకాణం ఆయనకు ఏం చెప్పాలి?”

రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యం నేర్పుతోంది. తొలకరికి ముందే మట్టిలో పొర్లించిన నవధాన్యాల విత్తనం చల్లే పద్ధతి మన జిల్లాలోనూ చేసి చూపుతున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ధరణి అనే రైతుల సహకార సంఘం కొర్రలు, సామలు కొని శుద్ధి చేసి అమ్ముతోంది. దారి తెలియక కాదు, ఖాతా తీరక చాలామంది ఆ దారి పట్టడం లేదు. అందుకే నాకు నలభై వేల ఖాతా తీర్చడం నాలుగెకరాల నేలకు చేసే మేలుగానే కనిపిస్తోంది.

మిగతావాటికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఎలక్ట్రిక్ స్కూటరు ఇప్పుడు వద్దు, పాతది నడుస్తోంది. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవారైతే ఈ పోలికలన్నీ పక్కనపెట్టి ముందు దాన్నే కట్టాలి, నెలకు మూడు మూడున్నర శాతం ముందు ఏ సోలారూ నిలవదు. నా గాజుల అప్పు మాత్రం అలాగే ఉండనీ అనుకున్నాను. తొమ్మిది శాతం సోలారు రాబడిలో సగం కూడా లేదు, నెలకు 450 రూపాయలు భరించగలం.

ఉగాదికి నాలుగు రోజుల ముందు మావారు, నేను వెళ్లి లక్షా పదివేలు లెక్కపెట్టి ఇచ్చాం. నోటు వెనుక చెల్లు రాయించుకుని తెచ్చుకున్నాం. నలభై వేలు తమ్ముడి చేతికే ఇచ్చాను, ఖాతా వాడే కొట్టేయించుకోవాలని. సోలారు దరఖాస్తు వేశాం, బ్యాంకువారు ఇంటి పన్ను రశీదు, ఆరు నెలల కరెంటు బిల్లులు అడిగారు. మొన్న తమ్ముడు ఫోను చేసి, నవధాన్యాల విత్తనం తెచ్చానని, ఈసారి కాయ మాత్రం తనకు నచ్చినప్పుడే అమ్ముతానని చెప్పాడు.