సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్ vs ఆడీజీ ఎల్‌సీడీ ఎక్స్: షాపులో విన్నాక

సిరిపురం వైపు షాపులో ఈ రెండు హెడ్‌ఫోన్లూ పక్కపక్కన పెట్టించుకుని విన్నా, ముందు బరువు సంగతి చెప్తా. సెన్‌హైజర్ 800 ఎస్ 330 గ్రాములు, ఆడీజీ ఎక్స్ 612, దాదాపు డబుల్, పది నిమిషాల్లో తేడా తెలీదు గానీ ఇంట్లో కచేరీ మొత్తం వినేవాళ్లకి మెడ పట్టేస్తుంది, అందుకే షాపువాళ్లు ఏమనుకున్నా సరే అరగంట తీయకుండా కూర్చోండి. పైగా ఎక్స్‌వి లెదర్ ప్యాడ్లు, మన వైజాగ్ ఉక్కపోతలో ఏసీ లేకపోతే అంతే సంగతులు.

సౌండ్‌లో మాత్రం అసలు పోలికే లేదు. 800 ఎస్‌లో వయొలిన్ ఎటుంది, మృదంగం ఎటుంది అని వేలెట్టి చూపించొచ్చు, అంత విశాలం, కానీ బేస్ పల్చన. ఎక్స్‌లో శబ్దం పుట్టించే భాగం 106 మిల్లీమీటర్ల ప్లానార్ డ్రైవరు, అంటే పల్చటి పొర మొత్తం అయస్కాంతాల పక్కన ఒకేసారి కదులుతుంది, మృదంగం ఎడమచేతి దెబ్బ ఒళ్లంతా తగుల్తది, గొంతు కూడా దగ్గరగా ఉంటది.

ఇంకోటి, కరెంటుకి అడ్డుపడే ఇంపీడెన్స్ ఎక్స్‌ది 20 ఓమ్స్, 800 ఎస్‌ది 300. అందుకే వాల్యూమ్ నాబ్ ఒకే దగ్గర పెట్టి మార్చి మార్చి వింటే ఎక్స్ గట్టిగా మోగుతుంది, గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, కాబట్టి మార్చిన ప్రతిసారీ వాల్యూమ్ సమానం చేయమనండి. రెండూ ఓపెన్ బ్యాకే, అంటే వెనకవైపు మూసి ఉండవు, బయట హారన్లన్నీ లోపలికొస్తాయి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి.

మంచి ఆంప్ (హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్) ఉండి కర్ణాటక సంగీతం ఎక్కువ వింటే 800 ఎస్, సినిమా పాటలకైతే నేను ఎక్సే తీసుకుంటా, మెడ నొప్పితో సహా.