బాకులా కేటలాగ్‌ను కుదించి ఇన్నేళ్లు వాడాక

హనుమకొండలో మా కాలేజీ బ్యాకప్ అంతా బాకులా అనే సాఫ్ట్‌వేర్ మీదే, ఏ ఫైలు ఎప్పుడు ఎక్కడ దాచిందో రాసుకునే దాని కేటలాగ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. కరీంనగర్, జగిత్యాల బ్రాంచీల ఫైళ్లు కూడా రాత్రిపూట ఇక్కడికే వస్తాయి. అన్నీ చిన్న ఫైళ్లే, లక్షల్లో. ప్రతి బ్యాకప్‌లో ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస పడుతుంది కాబట్టి ఫైల్ టేబుల్ అలా ఉబ్బుతూనే ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్సే కుదిస్తుందిలే అనుకోకండి, పెద్ద వరుసలను కుదించే దాని టోస్ట్ పద్ధతి, వరుస సుమారు 2 కేబీ దాటితేనే మొదలవుతుంది, మన వరుసలు అందులో ఏ మూలకూ రావు. అందుకే డేటాబేస్ కింద ఉండే ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఎల్‌జెడ్4 అనే కుదింపు పెట్టాం. ఇక్కడ రికార్డ్‌సైజ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒక బ్లాకుగా రాసే గరిష్ఠ సైజు) దగ్గర కాస్త ఆగాలి. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ కాబట్టి అంతే పెట్టమంటారు చాలామంది, కానీ డిస్క్ సెక్టార్ 4 కేబీ అయితే 8 కేబీ బ్లాకు 5 కేబీకి కుదించుకుపోయినా తినే చోటు 8 కేబీనే. 32 పెడితే డేటా బాగా కుదించుకుపోతుంది గానీ ప్రూనింగ్ (గడువు దాటిన రికార్డులు తీసేయడం) నడిచేటప్పుడు చిన్న మార్పుకు కూడా బ్లాకు మొత్తం తిరగరాయాలి. మేం 16 దగ్గర ఆగాం, చోటు దాదాపు సగం మిగిలింది. కుదింపు కొత్తగా రాసే బ్లాకులకే, రికార్డ్‌సైజ్ కొత్తగా తయారయ్యే ఫైళ్లకే వర్తిస్తాయి, పాత డేటాను డంప్ తీసి మళ్లీ ఎక్కించాల్సిందే.

వేగం? రీస్టోర్‌కు ఫైళ్ల జాబితా తెరిచేటప్పుడు నాకైతే తేడా తెలియలేదు, అదీ ప్రిన్సిపాల్ సార్ పక్కన కూర్చుని "అయిందా, అయిందా" అంటున్నప్పుడు. ర్యామ్ క్యాష్‌లోనూ డేటా కుదించే ఉంటుంది, కాబట్టి అదే ర్యామ్‌లో ఎక్కువ పడుతుంది. నా లెక్కన అసలు లాభం మాత్రం ఫైల్ రిటెన్షన్‌లో, అంటే ఫైల్ రికార్డులు ఎన్నాళ్లు ఉంచుకోగలమన్న దాంట్లో ఉంది. డిఫాల్ట్ 60 రోజులు దాటి ఫైల్ రికార్డులు ప్రూన్ అయిపోతే ఒక్క ఫైలు ఎంచుకోలేం, జాబ్ మొత్తం దింపుకోవాలి. ఇప్పుడు ఏడాది ఉంచుతున్నాం.

కేటలాగ్ డంప్‌ను కుదించడానికి జీజిప్ 9 (దాని గరిష్ఠ స్థాయి) దండగ, ఒక్క కోర్ మీదే గంటలు లాగుతుంది. జెడ్‌ఎస్‌టీడీ అనే ఇంకో కుదింపు టూల్ చాలు. మే నెలలో సర్వర్ రూం ఏసీ మీద నమ్మకం లేక దానికి రెండు కోర్లే ఇచ్చా. ఈ డంప్‌ను బ్యాకప్ చేసే జాబ్ ఫైల్‌సెట్‌లో (ఏ ఫైళ్లు ఎలా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) బాకులా సొంత కంప్రెషన్ తీసేయండి, కుదించిందాన్ని మళ్లీ కుదిస్తే వచ్చేదేమీ లేదు. బ్యాకప్ ఏ వాల్యూమ్‌లో (టేపు లేదా డిస్క్ ఫైలు) ఎక్కడుందో చెప్పే బూట్‌స్ట్రాప్ ఫైలు మాత్రం మామూలు టెక్స్ట్‌గానే, వేరే మెషీన్లో ఉంచండి. కేటలాగ్ పోయిననాడు అది లేకపోతే బాకులా బీస్కాన్ టూల్‌తో వాల్యూమ్‌లన్నీ మొదటి నుంచి చదివించాలి, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.