దేశీ బియ్యం కొట్టులో అక్కుళ్ళు లేవు

విజయవాడలో మా వీధి చివర దేశీ బియ్యం కొట్టు తెరిచి నాలుగు నెలలైంది. మూడుసార్లు వెళ్ళి మూడు రకాలు తెచ్చాను.

కుళ్ళకార్‌కి ఫుల్ మార్కులు. తమిళనాడు ఎర్ర బియ్యం, కేజీ 110. అన్నానికి కాదు, ఇడ్లీకి. నాలుగు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. రంగు చూసి మావాడు "రాగి ఇడ్లీయా?" అని మొహం తిప్పుకున్నాడు. తర్వాత అల్లప్పచ్చడితో ఐదు లాగించాడు.

నవార కేరళది. రెండు నెలల్లో చేతికొచ్చే పంట, ఆయుర్వేదంలో వైద్యానికి కూడా వాడతారు. పాలక్కాడ్ నవారకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కేజీ 240 పెట్టి రోజూ అన్నం వండుకోలేం. అందుకని రాత్రి నానబెట్టి పొద్దున జావ కాస్తున్నా. మజ్జిగ, ఉప్పు కలిపిస్తే మా అత్తయ్యగారు ఇష్టంగా తాగుతున్నారు.

కాలాబట్టి, అంటే నల్ల బియ్యం, మా ఇంట్లో గట్టెక్కలేదు. మొదటిసారి నానబెట్టకుండా కుక్కర్లో పెట్టడం నా తప్పే. ఆరు విజిల్స్ వచ్చినా పలుకే. రెండోసారి నానబెట్టా, మెత్తగా ఉడికింది, కానీ గోంగూర పప్పుకి అది జోడీ కాదు. పైగా ప్యాకెట్ నిండా ముక్కపురుగులు, మెరిగలు. ఎన్నేళ్ళకో చేట బయటికి తీశాను. పాలిష్ పట్టని బియ్యం తవుడుతో ఉంటుంది, తొందరగా పాడవుతుంది. అలాంటిదానికి ప్యాకింగ్ తేదీ వెయ్యకపోతే ఎలా? మారు మాట్లాడకుండా ఇంకో ప్యాకెట్ ఇచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

నాకు చిర్రెత్తింది గోడ మీది బోర్డు చూసి. "మా బియ్యంతో షుగర్ మాయం, సన్నబియ్యం విషం" అట. ఆ సన్నబియ్యం, అంటే సాంబ మసూరి (బీపీటీ 5204), 1986లో మా బాపట్ల పరిశోధన స్థానం నుంచే వచ్చింది. మా నాన్న దాన్నే పండించి మా ఇద్దర్నీ చదివించాడు. అది విషమంటే నేనెలా ఊరుకుంటాను? దానికి లోపం లేదని కాదు. ఎండాకు తెగులొస్తే తట్టుకోలేదు. హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆ తెగుల్ని ఆపే మూడు జన్యువుల్ని అందులోకి తెచ్చి, 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరిని విడుదల చేశారు. ఆ మూడింటిలో ఒకటి ఎక్కడో ఆఫ్రికాలో, మాలీ దేశపు అడవి వరిలో దొరికింది. రకాలన్నీ ఎందుకు దాచుకోవాలో చెప్పడానికి నాకైతే ఇది చాలు. బోర్డు మీద ఇది రాయొచ్చుగా!

మొన్న వెళ్ళినప్పుడు అక్కుళ్ళు, కృష్ణకాటుకలు ఉన్నాయా అని అడిగాను. నాయనమ్మ నోట విన్న పేర్లు, మా వైపు వడ్లు. కౌంటర్లో కుర్రాడు "అవి ఏ రాష్ట్రంవి మేడం?" అన్నాడు. కుళ్ళకార్ రెండు కేజీలు కట్టించుకుని, తెప్పిస్తే ఫోన్ చెయ్యమని నంబరిచ్చి వచ్చాను.