పిల్లలమర్రి నుంచి మన్ననూర్ దాకా: పురుగులు చూపించిన దారి

మార్చి చివర్లో రెండు రాత్రుల వీలు చిక్కింది. నేను, డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న మా మేనల్లుడు కలిసి మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసుకుని, అచ్చంపేట మీదుగా నల్లమల వెళ్లాం. పులి కనిపించలేదు. అయినా ఇంత నిండుగా ఇంటికి తిరిగొచ్చిన ప్రయాణం ఈమధ్య మరొకటి లేదు.

మొదటి రాత్రి మహబూబ్‌నగర్ బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. గది అద్దె ఎక్కువ, తెల్లవారేసరికి కుళాయిలో నీళ్లు లేవు. వేసవిలో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందే నీళ్ల సంగతి అడగండి.

పిల్లలమర్రి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. సుమారు 700 ఏళ్ల చెట్టు, దాదాపు మూడు ఎకరాలు కమ్ముకుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. చూస్తే లోపలంతా చెద తొలిచేసింది. మరుసటి ఏడాది కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదమందు చుక్కచుక్కగా ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు ఆసరాలు కట్టారు, ఊడలను గొట్టాల గుండా నేలకు దింపారు. ఇప్పుడు చెట్టును దూరం నుంచే చూడాలి. కొందరు దీనికి విసుక్కుంటున్నారు, నేను మాత్రం ఇదే సరైన పని అంటాను. చిన్నప్పుడు మేమందరం ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్లమే. ఊడ నేలలో దిగి స్తంభమైతే తప్ప అంత పొడవు కొమ్మ బరువు నిలవదు. వందల మంది రోజూ తొక్కితే వేళ్ల మీది మట్టి గట్టిపడి నీరు ఇంకదు. ఇవేవీ అప్పుడు మాకు తెలియవు.

నడకదారిలో ఒక ఎర్రటి మర్రిపండు రాలి ఉంది. మేనల్లుడు దాన్ని చేతిలోకి తీసుకుని చూపించాడు. పైన సూదితో పొడిచినట్టు ఒక రంధ్రం. గోటితో చీలిస్తే లోపల వందలాది గింజలు, వాటి మధ్య రెక్కల్లేని చిన్న పురుగులు చచ్చి పడి ఉన్నాయి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులని మనం ఎగతాళిగా చెప్పుకుంటాం. ఆ పురుగులే లేకపోతే మేడికీ, మర్రికీ గింజే కట్టదు. ఈ కాయ నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కందిరీగ జాతికి చెందిన ఒక చిన్న ఆడపురుగు ఇరుకైన ద్వారం గుండా లోపలికి దూరుతుంది. దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం విడుస్తుంది. దాని పిల్లల్లో మగవి రెక్కలు లేకుండానే పుడతాయి. ఆడవాటితో జతకట్టి, వాటి కోసం బయటికి సొరంగం తొలిచి చనిపోతాయి. మేం చూసిన రంధ్రం అదే. పుప్పొడి మోసుకుని ఎగిరిన ఆడపురుగు ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఆలోగా లేతకాయలున్న మరో మర్రిచెట్టు దానికి దొరకాలి.

అంటే ఈ ఒక్క చెట్టు చుట్టూ కంచె కట్టి కాపాడితే సరిపోదు. చుట్టుపక్కల ఊళ్లలో, రోడ్ల పక్కన మర్రిచెట్లు ఉండాలి. రోడ్డు వెడల్పు కోసం కొట్టేయాలనుకున్న చేవెళ్ల దారిలోని మర్రుల కోసం పౌరులు హరిత ట్రైబ్యునల్ దాకా ఎందుకు వెళ్లారో నాకు ఈ కాయ చూశాకే అర్థమైంది.

మధ్యాహ్నానికి మన్ననూర్ చేరుకున్నాం. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ఇదే ముఖద్వారం. అటవీశాఖ మట్టి ఇళ్లలో బస, సఫారీ, అడవిలో నడక అన్నీ కలిపి ఇస్తారు. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. మట్టి గోడల గది మార్చి ఎండకు కూడా చల్లగా ఉంది. ఆ ఒక్క కారణానికే మళ్లీ వెళ్తాను. ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసా పెట్టుకోండి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి రోడ్డు మూసేస్తారు కాబట్టి చీకటి పడకముందే చేరుకోవాలి. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు దాటే జంతువులవి.

ఫరహాబాద్ సఫారీలో దుప్పులు, మనుబోతులు, నెమళ్లు కనిపించాయి. కొండముచ్చులు చెట్టుమీద సగం తిని పారేసిన చిగుళ్లను కింద దుప్పుల మంద ఏరుకుంటోంది. పైనుంచి కొండముచ్చు పులిని చూసి అరిస్తే దుప్పి పరుగెడుతుంది, దుప్పి వాసన పట్టి అరిస్తే కొండముచ్చు పైకొమ్మకు ఎగబాకుతుంది. శ్రీశైలం రోడ్డు మీద మాత్రం కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు విసురుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అడవిలో పళ్లు తిని గింజలు చల్లాల్సిన కోతులు రోడ్డు పక్కన వరుసగా కూర్చుని చక్రాల కింద పడుతున్నాయి.

మల్లెలతీర్థం జలపాతానికి ఈ నెలల్లో వద్దు. మూడు వందలకు పైగా మెట్లు దిగితే సన్నటి ధార మాత్రమే ఉంది. వానలు తగ్గాక వెళితే బాగుంటుంది.

ఇక ఉదయపు నడక. మాతో వచ్చిన చెంచు యువకుడు ఒక ఇప్పచెట్టు కింద ఆగాడు. రాత్రంతా రాలిన పూలు నేలంతా పరచుకుని ఉన్నాయి. మైనం ముద్దల్లా తెల్లగా, నోట్లో వేసుకుంటే తీపిగా ఉన్నాయి. "మేం రాకముందే ఎలుగు తినిపోయింది సార్" అని కొంచెం అవతల ఒక పుట్ట చూపించాడు. పుట్టకు ఒకపక్క నా వేలు పట్టేంత వెడల్పు గాట్లు నాలుగు. మట్టి ఇంకా తడిగా ఉంది. ఎలుగుబంటికి పైదవడలో ముందుపళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి గాలి ఊది మట్టి తోలేసి, చెదలను గట్టిగా లోపలికి పీలుస్తుంది. తునికి, రేల, రేగు గింజలను దాని పేడే అడవంతా నాటుతుంది.

ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉండే ఈ అడవిలో రాలిన ఆకునూ, పడిన మానునూ మట్టి చేసేది ఎక్కువగా చెదే. పిల్లలమర్రిలో మందు ఎక్కించక తప్పలేదు, అక్కడున్నది ఒకే ఒక్క చెట్టు. ఇక్కడ అదే పురుగు లేకపోతే ఎలుగుకు తిండి లేదు, చిగురుకు మట్టి లేదు. "తొలకరికి ఈ పుట్టల మీద గొడుగులు లేస్తాయి, కూర వండుకుంటాం" అన్నాడా యువకుడు. చెద పుట్టలోపల పెంచుకునే బూజే వానకు పైకి లేచి గొడుగవుతుంది. పుట్టగొడుగు అనే మాట పుట్టకముందే మన పెద్దవాళ్లు ఇదంతా వంగి చూసి ఉంటారు.

రెండు గంటల తర్వాత అదే దారిన తిరిగొచ్చాం. గాట్లలో రెండు అప్పటికే పూడిపోయాయి. మూడోదాని అంచున తెల్లటి పురుగులు ఒక్కో రేణువే తెచ్చి, తడిపి, అతికిస్తున్నాయి.